కొనేవారి కంప్యూటరుకు మన గోడౌను కనిపించాలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. ముడిసరుకు ఇచ్చేవారి లెక్కలను, తయారు చేసేవారి లెక్కలను, కొనేవారి లెక్కలను కంప్యూటరు ద్వారా కలిపితే కర్మాగారానికి నిజంగా ఏమైనా మిగులుతుందా అని అడుగుతున్నారు. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున అందరికీ ఊరు, వృత్తి మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: మేము రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు అట్టపెట్టెలు తయారు చేసి ఇస్తాము. మా సరుకులో సగానికి పైగా ఒకే ప్లాంటు కొంటుంది. వారు ఈ మధ్య కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, మా దగ్గర ఎంత కాగితం ఉన్నదీ, ఏ రోజు ఎన్ని పెట్టెలు సిద్ధమయ్యేదీ రోజూ వారి పోర్టల్‌లో నమోదు చేయమంటున్నారు. వీలైతే మా ట్యాలీనే నేరుగా దానికి కలపమంటున్నారు. ఖర్చు మాదే. మా నిల్వ వారికి తెలిస్తే రేటు దగ్గర నొక్కుతారని మా అబ్బాయి అంటున్నాడు. కలిపితే మా లాభం పెరుగుతుందా, లేక లాభమంతా వారిదేనా?
– అట్టపెట్టెల యూనిట్ యజమాని, నెల్లూరు

జవాబు: మీ అబ్బాయి భయానికి ఆధారం ఉంది. అయినా ఆ భయంతో కాదనేయడం కంటే, ఏ షరతుల మీద ఒప్పుకోవాలో తేల్చుకోవడం మంచిది.

మీ వ్యాపారంలో డబ్బు ఎక్కడ కారిపోతున్నదో ముందు చూద్దాం. వెనామీ రకం రొయ్య పంట నాలుగు నెలలలోపే చేతికి వస్తుంది. అనుకున్న రోజుకు పట్టుబడి జరిగితే రైతుకూ, ప్లాంటుకూ, మీకూ ఇబ్బంది లేదు. గుంటలో తెల్లమచ్చ తెగులు కనిపించిన రోజున మాత్రం లెక్కలన్నీ తారుమారవుతాయి. 30 కౌంటు (కిలోకు 30 తూగే సైజు) వస్తుందనుకున్న రొయ్యను 100 కౌంటు దగ్గరే పట్టేయవలసి వస్తుంది, చుట్టుపక్కల గుంటలవారు కూడా తమకు అంటుకుంటుందన్న భయంతో అదే వారంలో వలలు దింపుతారు. ప్లాంటుకు చిన్న సైజు రొయ్య కౌంటు ముద్ర ఉన్న పెట్టెలు అప్పటికప్పుడు కావాలి, అవి మీ దగ్గర సిద్ధంగా ఉండవు. ఒకసారి అలా చిక్కుకున్న పర్చేజ్ మేనేజరు తర్వాతి సీజనులో 5,000 పెట్టెలు చాలిన చోట 8,000 అని రాస్తాడు. ఆ ఆర్డరు చూసి, కాగితం రేటు కూడా పెరిగేట్టుందని, మీరు 10,000 పెట్టెలకు సరిపడా రీళ్లు దింపుకుంటారు. మీలాంటివారి ఆర్డర్లన్నీ కలిపి చూసుకున్న పేపరు మిల్లు ఇంకా ఎక్కువ తయారు చేస్తుంది. గుంటలో వచ్చిన చిన్న కదలిక మిల్లు దాకా పోయేసరికి పెద్ద ఊగిసలాట అవుతుంది.

హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ అనే పరిశోధకులు 1997లో దీనిని ‘బుల్‌విప్ ఎఫెక్ట్’ పేరుతో విడమరచి చెప్పారు. పసిపిల్లలు డైపర్లు వాడే తీరు ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉన్నా, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ తన ముడిసరుకుకు పెట్టే ఆర్డర్లు మాత్రం విపరీతంగా ఊగుతున్నాయని ఆ సంస్థవారే గమనించారు. అందుకు నాలుగు కారణాలను ఆ ముగ్గురూ చూపించారు: అసలు వాడకాన్ని చూడకుండా కింది మెట్టు పెట్టిన ఆర్డరునే చూసి అంచనా కట్టడం, ఆర్డర్లను పోగేసి ఒకేసారి పెట్టడం, రేట్ల హెచ్చుతగ్గులను బట్టి ముందే కొనిపెట్టుకోవడం, సరుకు కొరత వస్తుందన్న అనుమానంతో అవసరానికి మించి అడగడం. ఈ నాలుగూ మీ వ్యాపారంలో ఉన్నవే. ప్లాంటు లెక్కలు మీకూ, మీ లెక్కలు ప్లాంటుకూ సకాలంలో కనిపిస్తే వీటిలో మొదటిదీ చివరిదీ చాలావరకు తగ్గుతాయి. రేటును చూసి ముందే కొనే అలవాటును ఏ సాఫ్ట్‌వేరూ మాన్పించలేదు.

మీ రంగంలో ఇంకొక ప్రత్యేక నష్టం ఉంది. సాదా అట్టపెట్టె ఒకరు వద్దంటే మరొకరికి పనికివస్తుంది, ముద్రించిన పెట్టెకు ఆ వీలు లేదు. విదేశీ కొనుగోలుదారు బ్రాండు, రొయ్య రకం, బరువు, ప్లాంటు అనుమతి సంఖ్య, అన్నీ దాని మీద ఉంటాయి. ఆ కొనుగోలుదారు లేబుల్‌లో ఒక్క వాక్యం మార్చమన్నా మీ గోడౌనులో పేర్చిన పెట్టెలు తూకానికి అమ్ముకోవలసిన చిత్తుకాగితమే. చాలా యూనిట్లలో ఈ నష్టం విడిగా ఎక్కడా రాయరు, ‘వేస్టేజి’ పద్దులో కలిసిపోతుంది. లేబుల్ మారబోతోందన్న సంగతి ప్లాంటు ఎగుమతి విభాగానికి ముందే తెలుస్తుంది. అది మీకు రెండు వారాల ముందు తెలిస్తే చాలు, మీరు పెట్టబోయే సాఫ్ట్‌వేర్ ఖర్చు అందులోనే వచ్చేస్తుందని నా అభిప్రాయం.

కాబట్టి మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, సమాచారం రెండు వైపులా నడుస్తుందా అని. మీ నిల్వ వారు చూస్తూ, వారి దగ్గర రాబోయే మూడు వారాల పట్టుబడి అంచనా ఎంతో, వారి స్టోరులో మీ పెట్టెలు ఎన్ని మిగిలి ఉన్నాయో మీకు చూపించకపోతే, అది అనుసంధానం అనిపించుకోదు. మీ మీద పెట్టిన నిఘా అవుతుంది.

ఇక లాభం సంగతి. మీ ఉత్తరంలో అంకెలు లేవు కనుక ఊహించి చెబుతాను. రోజుకు సగటున 2 లక్షల రూపాయల ఖర్చుతో సరుకు తయారవుతుందనుకుందాం. రీళ్లు, సగం తయారైనవి, పూర్తయిన పెట్టెలు కలిపి 60 రోజుల నిల్వ ఉందనుకుందాం. ప్లాంటు మీకు 75 రోజులకు డబ్బు ఇస్తుంది, మీరు పేపరు మిల్లుకు 30 రోజులకు కడతారు. 60కి 75 కలిపి 30 తీసేస్తే 105 రోజులు. అన్ని రోజుల పాటు మీ డబ్బు, అంటే సుమారు 2 కోట్ల 10 లక్షల రూపాయలు, సరుకులోనూ బాకీలోనూ ఇరుక్కుని ఉంటుంది. 11 శాతం వడ్డీకి ఏడాదికి 23 లక్షల పైచిలుకు. అనుసంధానం వల్ల నిల్వ 60 రోజుల నుంచి 40కి తగ్గితే 40 లక్షలు బయటికి వస్తాయి, ఏటా 4 లక్షల 40 వేల వడ్డీ మిగులుతుంది. సరిగ్గా అదే కాలంలో ప్లాంటు తన చెల్లింపును 75 నుంచి 95 రోజులకు జరిపిందంటే మీకు మిగిలిందంతా ఆ ప్లాంటు ఖాతాలోకి పోతుంది. కంప్యూటర్లు కలిపినందువల్ల వచ్చే లాభం ఎవరి దగ్గర ఆగుతుందన్నది చెల్లింపు గడువే తేలుస్తుంది. అందుకని సమాచారం ఇచ్చినందుకు ప్రతిఫలంగా రేటు పెంచమని అడగకండి, చెల్లింపు రోజులు తగ్గించమని అడగండి. రేటు పెంచమంటే పర్చేజ్ మేనేజరు ఒప్పుకోవడం కష్టం, రోజులు తగ్గించడానికి తరచుగా ఒప్పుకుంటారు.

అసలు 75 రోజులన్నదే చట్టానికి మించిన గడువు. ఉద్యమ్ అనే ప్రభుత్వ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తరహా పరిశ్రమలకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులలోగా డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ పడుతుంది. 2024–25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువు దాటిన ఇలాంటి బాకీని కొనుగోలుదారు డబ్బు నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోగలడు. ఇవి చెప్పి పెద్ద ఖాతాదారును బెదిరించమని నా సలహా కాదు. ఆ ప్లాంటు టర్నోవరు 250 కోట్లు దాటి ఉంటే, 2025 మార్చి 31 లోగా ట్రెడ్స్ వేదికలో చేరవలసిన కంపెనీలలో అదీ ఒకటి. అందులో మీ బిల్లును ప్లాంటు ఆమోదించగానే బ్యాంకులు పోటీపడి డిస్కౌంటు చేసి డబ్బు ఇస్తాయి, తర్వాత ప్లాంటు ఎగవేసినా మీ మీదికి రావు. పెట్టెలు అందినట్లు పోర్టల్‌లో నమోదైన రోజునే బిల్లు ట్రెడ్స్‌కు వెళ్లాలన్నది మీ షరతులలో ఒకటిగా పెట్టండి.

మీ అబ్బాయి భయానికి విరుగుడు కూడా షరతులలోనే ఉంది. ఆ ప్లాంటు కోసం చేసిన పెట్టెల నిల్వ, సరుకు అందించే తేదీ, ఈ రెండే వారికి కనిపించాలి. కాగితం కొన్న రేటు, ఇతర ఖాతాదారుల ఆర్డర్లు కనిపించనక్కరలేదు. ట్యాలీని నేరుగా కలపడానికి ఇప్పుడే ఒప్పుకోవద్దు. వారి అంచనాను నమ్మి ముద్రించిన పెట్టెలలో కనీసం ఇంత శాతం తీసుకుని తీరుతామని రాయించుకోండి.

ఒప్పుకునే ముందు మీ గోడౌనులోకి ఒకసారి వెళ్లి, సగం వాడిన రీళ్లను చూడండి. కొత్త రీలు మీద మిల్లు అంటించిన చీటీ ఉంటుంది, బరువు, వెడల్పు, జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు), బీఎఫ్ (కాగితం గట్టిదనం) అన్నీ దాని మీద ఉంటాయి. యంత్రానికి ఎక్కి, ఆర్డరు మారినందువల్ల మధ్యలో దిగిన రీలు మీద ఆ చీటీ చిరిగిపోయి ఉంటుంది, చాలాచోట్ల సుద్దముక్కతో ‘సగం’ అని రాసి గోడకు చేర్చి ఉంటుంది. అది 200 కిలోలో 350 కిలోలో ఎవరికీ తెలియదు. ట్యాలీలో మాత్రం అది పూర్తిగా వాడేసినట్లో, అసలు వాడనట్లో ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలలో చెమ్మ పట్టి కాగితం బరువు కూడా మారుతుంది. ఇటువంటి లెక్కను పోర్టల్‌కు కలిపితే మీ తప్పు మీ దగ్గర ఆగకుండా ప్లాంటు ప్రణాళికలోకి పోతుంది, రెండు నెలలలో మీ అంకెలను వారు నమ్మడం మానేస్తారు. దిగిన ప్రతి రీలునూ తూచి, కొత్త చీటీ అంటించి, అదే గంటలో నమోదు చేసే పద్ధతి మూడు నెలలు నడిచిన తర్వాతే బయటికి కలపండి.

ఆ కలిపే రోజు వేసవి పంట పట్టుబడుల మధ్యలో పడకుండా చూసుకోండి. అమెరికాలోని హెర్షీ చాక్లెట్ సంస్థ 1999లో కొత్త సాఫ్ట్‌వేర్‌ను సరిగ్గా పండుగ ఆర్డర్లు వచ్చే కాలంలోనే మొదలుపెట్టింది, సరుకు గిడ్డంగులలో ఉండి కూడా సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లను అందించలేకపోయింది.

ప్రశ్న: మాది గ్రానైట్ పలకల ఫ్యాక్టరీ. పలకల ఫోటోలు, కొలతలు, ఇన్‌వాయిస్‌లు అన్నీ వాట్సాప్‌లోనే క్షణాలలో పంపుతున్నాము. ఈ–ఇన్‌వాయిస్, ఈ–వే బిల్లు కూడా ఆన్‌లైనే. ఇంతకంటే డిజిటల్ ఏముంది? ఈఆర్పీ (సంస్థ లెక్కలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) అమ్మే కుర్రవాడు మాత్రం మమ్మల్ని వదలడం లేదు.
– పలకల ఫ్యాక్టరీ భాగస్వామి, చీమకుర్తి

జవాబు: వాట్సాప్‌లో కబురు వేగంగా పోతుంది, లెక్క మాత్రం కదలదు. చెన్నైలో ఉన్న మీ ఏజెంటు ఉదయం చూసి సరేనన్న 14 పలకల కట్టను, మధ్యాహ్నం మీ భాగస్వామి ఇంకొక గ్రూపులో మరొకరికి చూపించి అడ్వాన్సు తీసుకున్న సందర్భం మీ దగ్గర ఎప్పుడూ రాలేదా? ఒకే పలక ఇద్దరికి అమ్ముడుపోవడం మీ వ్యాపారంలో సామాన్యమైన తగాదా. ఫోటో పంపిన క్షణాన ఆ పలక స్టాకులో ‘చూపించినది’గా, ఒప్పుకున్న క్షణాన ‘కట్టివేసినది’గా మారితేనే దానిని అనుసంధానం అనవచ్చు. మారడానికి పెద్ద ఈఆర్పీ అక్కరలేదు, అందరూ ఒకే చోట చూసే ఒక పట్టిక ఉన్నా నడుస్తుంది.

ఈ–ఇన్‌వాయిస్, ఈ–వే బిల్లు వేరే జాతివి. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారాలకు ఈ–ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది, చట్టం అడిగింది కనుక చేస్తున్నారు. అవి సరుకు గేటు దాటేటప్పుడు పుట్టే కాగితాలు, అప్పటికి మీ లాభనష్టాలు తేలిపోయే ఉంటాయి. ఆ లాభనష్టాలు తేలేది రాయి కోసేటప్పుడు.

రామతీర్థం దగ్గర క్వారీ నుంచి బ్లాకు బయలుదేరేటప్పుడు దాని మీద రంగుతో ఒక నెంబరు వేస్తారు. టేపు పెట్టి మూడు వైపులా కొలిచి, పగుళ్లకూ వంకరలకూ తరుగు తీసి నికర కొలత కడతారు. బ్లాకు గ్యాంగ్‌సా (రాతిని పలకలుగా కోసే యంత్రం) కిందికి వెళ్లేదాకా ఆ నెంబరు బతికి ఉంటుంది, కోతలో ముక్కలతో పాటు పోతుంది. తర్వాత పాలిషింగ్ లైను నుంచి బయటికి వచ్చిన 2 సెంటీమీటర్ల పలక ఏ బ్లాకుదో సూపర్‌వైజరు జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్‌లో బంగారు చుక్కల పరిమాణం, పరుచుకునే తీరు బ్లాకుకూ బ్లాకుకూ తేడాగా ఉంటాయి, కొనేవాడు ఒకే బ్లాకు పలకలనే అడుగుతాడు. ఏ క్వారీ బ్లాకులో ఘనమీటరుకు ఎన్ని చదరపు మీటర్ల అమ్ముడుపోయే పలక వచ్చిందో మీకు ఏడాది లెక్క ఉంటే, రాబోయే బ్లాకుకు ఎంత ఇవ్వవచ్చో బేరం దగ్గర మీకు తెలుస్తుంది. ఈ ఒక్క లెక్క లేకుండా ఎగుమతిదారుల పోర్టల్‌లన్నిటికీ కలిపినా ప్రయోజనం తక్కువ.

ఈఆర్పీ కుర్రవాడిని ఒక్క ప్రశ్న అడగండి: బ్లాకు నెంబరు పలక అంచు మీదికి ఎలా వస్తుంది? పాలిషింగ్‌కు ముందు అంటించిన బార్‌కోడ్ స్టిక్కరు నీటికి నిలవదు. కోత దగ్గర చెరగని మార్కరుతో అంచు మీద రాసి, పాలిష్ అయి ఆరిన తర్వాత స్టిక్కరు అంటించాలి. ఆ రెండు చోట్లా ఎవరు నిలబడతారో చెప్పగలిగినవాడి దగ్గర కొనండి.

ప్రశ్న: నేను రొయ్యల రైతును. ప్లాంటు తరఫు ఏజెంటు నా గుంటల రిజిస్ట్రేషన్ నెంబరు, పిల్ల తెచ్చిన హేచరీ, మేత, మందుల వివరాలు ఫోన్‌లోని యాప్‌లో ఎక్కించమంటున్నాడు. రేటు మాత్రం అందరికీ ఇచ్చేదే ఇస్తున్నాడు. ఎక్కించకపోతే ఏమవుతుంది?
– విడవలూరు

జవాబు: ఏజెంటు సొంతంగా అడుగుతున్నది కాదు, అడుగుతున్నది అమెరికా, యూరప్. దిగుమతి అయ్యే రొయ్య ఏ చెరువులో పెరిగిందో చూపించాలని అమెరికా 2018 డిసెంబరు 31 నుంచి అడుగుతోంది. అక్కడి ఆహార, ఔషధ సంస్థ తెచ్చిన ఇంకొక నిబంధన ప్రకారం, అడిగిన 24 గంటలలో సరుకు నడిచిన దారి అంతా కంప్యూటరు పట్టిక రూపంలో ఇవ్వగలగాలి. దాని అమలు గడువును 2028 జూలై 20కి జరిపారు. యూరప్‌కు వెళ్లే సరుకుకు పట్టుబడికి ముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ) ప్రయోగశాలలో యాంటీబయాటిక్ పరీక్ష జరగాలి. మీ వివరాలు లేకపోతే ప్లాంటు మీ రొయ్యను కొనకుండా ఉండకపోవచ్చు, ఆ ఆధారాలు అడగని మార్కెట్టుకు మళ్లిస్తుంది. ఆ తేడా చివరికి మీ రేటులోనే తీసేస్తారు.

మీ ఫిర్యాదులో న్యాయం ఉంది. వివరాలు ఇచ్చిన రైతుకూ ఇవ్వని రైతుకూ ఒకే రేటు పెడితే ఎవరూ ఓపికగా ఎక్కించరు, చివరికి ఏజెంటే సొంతంగా ఏదో ఒకటి నింపేస్తాడు. అటువంటి రికార్డు ప్లాంటుకు మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది. రేటు పెంచకపోతే కౌంటు దగ్గర అడగండి: గట్టు మీద తీసిన శాంపిల్ కౌంటు, ప్లాంటులో తేలిన కౌంటు, రెండూ అదే యాప్‌లో మీకు ఆ రోజే కనిపించాలి. కౌంటు తగాదాలలో మీ చేతికి ఆధారం దొరకడం కొంచెం రేటు పెరగడం కంటే తక్కువదేమీ కాదు. వివరాలు ఎక్కించిన ప్రతిసారీ ఒక ప్రతిని మీ ఫోన్‌లో దాచుకోండి, వచ్చే పంటకు ప్లాంటు మార్చినా పనికివస్తుంది.

ప్రశ్న: ఎంబీఏ ప్రాజెక్టుకు ‘డిజిటల్ సప్లై చెయిన్ అనుసంధానం – తయారీ సంస్థల పనితీరు’ అన్న అంశం తీసుకున్నాను. జిల్లాలోని యూనిట్లకు ప్రశ్నావళి పంచి, 1 నుంచి 5 దాకా మార్కులు వేయమని అడగాలనుకుంటున్నాను. ఇది సరిపోతుందా?
– విద్యార్థిని, ఒంగోలు

జవాబు: సరిపోదు, అయితే దానితో మొదలుపెట్టవచ్చు. ఈ రంగంలో పేరున్న పరిశోధనలు కూడా ప్రశ్నావళుల మీదే నడిచాయి. ఫ్రోలిక్, వెస్ట్‌బ్రూక్ 2001లో 322 తయారీ సంస్థలను పరిశీలించి, ఇచ్చేవారితోనూ కొనేవారితోనూ రెండు వైపులా విస్తారంగా కలిసిన సంస్థల పనితీరే ఎక్కువగా మెరుగుపడిందని చెప్పారు. ఫ్లిన్, హువో, జావో 2010లో చైనాలోని 617 సంస్థలను చూసి, సంస్థ లోపలి విభాగాలు కలవడానికి, కొనుగోలుదారుతో కలవడానికి పనితీరుతో ఉన్న సంబంధం, ముడిసరుకు ఇచ్చేవారితో కలవడానికి ఉన్న సంబంధం కంటే బలమైనదని తేల్చారు. నెల్లూరు అట్టపెట్టెల యజమానికి పైన ఇచ్చిన సలహాలో లోపలి లెక్క ముందు సరిచేసుకోమనడానికి ఈ రెండో పరిశోధన కూడా ఒక కారణం.

మీ పద్ధతిలో చిక్కు ఏమిటంటే, అనుసంధానం ఎంత ఉందో చెప్పేదీ, పనితీరు ఎలా ఉందో చెప్పేదీ ఒకే మనిషి, ఒకేసారి కూర్చుని. వ్యాపారం బాగున్న ఏడాది ఆయన రెండింటికీ 4 వేస్తాడు, బాగాలేని ఏడాది రెండింటికీ 2 వేస్తాడు. సంబంధం గట్టిగా కనిపిస్తుంది, అది ఆయన మనస్థితికి సంబంధించినది. ఇంకొకటి, లాభాలు వచ్చిన సంస్థే సాఫ్ట్‌వేర్ కొనగలుగుతుంది. సాఫ్ట్‌వేర్ వల్ల లాభం వచ్చిందా, లాభం వల్ల సాఫ్ట్‌వేర్ వచ్చిందా అన్నది ఒకే ఏడాది ప్రశ్నావళి తేల్చలేదు.

అందుకని అనుసంధానం గురించి మనిషిని అడగండి, పనితీరును లెక్కల పుస్తకాల నుంచి తీయండి. నిల్వ ఏడాదికి ఎన్నిసార్లు తిరిగింది, డబ్బు పెట్టిన రోజు నుంచి తిరిగి వచ్చే రోజుకు ఎన్ని రోజులు, చెప్పిన తేదీకి చెప్పినంత సరుకు ఎన్ని ఆర్డర్లకు వెళ్లింది, తిరస్కరణ ఎంత, ఈ నాలుగు చాలు. సాఫ్ట్‌వేర్ పెట్టడానికి ముందు రెండేళ్లు, తర్వాత రెండేళ్లు తీసుకోండి. పెట్టిన మొదటి ఏడాది సాధారణంగా అంకెలు దిగజారుతాయి, పాత పుస్తకం, కొత్త యంత్రం రెండూ నడుపుతారు కనుక. దానిని చూసి విఫలమైందని రాయవద్దు. రొయ్యల ప్లాంట్లు, గ్రానైట్, రైసు మిల్లులు కలిపి ఒకే సగటు తీయవద్దు. రొయ్య గంటలలో పాడవుతుంది, గ్రానైట్ పలక యార్డులో ఏడాది ఉన్నా చెడదు, వాటికి నిల్వ తగ్గడంలోని విలువ ఒకటి కాదు. ముప్పై యూనిట్ల సర్వే కంటే ఒకే రంగంలో ఐదు యూనిట్లను లోతుగా చూసిన ప్రాజెక్టునే నేనైతే ఇష్టపడతాను. మీ గైడు ఒప్పుకోవాలనుకోండి.

అనుసంధానం ఉంటే పనితీరు బాగుంటుందన్న ఊహకు ఎదురు ఉదాహరణ కూడా ప్రాజెక్టులో పెట్టండి. సిస్కో సంస్థ ఇచ్చేవారితో కంప్యూటర్లు కలపడంలో ప్రపంచానికే ఆదర్శమని 2000 ప్రాంతంలో చెప్పుకునేవారు. అదే సంస్థ 2001లో సుమారు 220 కోట్ల డాలర్ల సరుకు నిల్వను నష్టంగా రాసేసింది. కొరత భయంతో ఖాతాదారులు ఒకే అవసరానికి రెండుమూడు చోట్ల ఆర్డర్లు పెట్టారు. వ్యవస్థ ఆ ఆర్డర్లన్నిటినీ నిజమైన గిరాకీగానే లెక్కగట్టింది.

ప్రశ్న: మా రైసు మిల్లు లెక్కలను హోల్‌సేల్ కంపెనీ సర్వరుకు కలిపాము. మాకు ఒకే కంప్యూటరు, ఒకే గుమాస్తా. వైరస్ ఏదైనా వస్తే వారి నష్టం కూడా మా మెడకు చుట్టుకుంటుందా?
– కోవూరు

జవాబు: ఒప్పందంలో ఏం రాసి ఉందో చూడకుండా చెప్పడం కష్టం, ‘సమాచార భద్రత’ అన్న క్లాజు ఉంటే దానిని మీ ఆడిటరుకు చూపించండి. భయం మాత్రం ఊహాజనితం కాదు. టయోటా సంస్థకు ప్లాస్టిక్ విడిభాగాలు ఇచ్చే కోజిమా అనే కంపెనీ కంప్యూటర్ల మీద దాడి జరిగినందువల్ల, 2022 మార్చి 1న జపాన్‌లో టయోటా తన 14 కర్మాగారాలలోని 28 లైన్లనూ ఒకరోజు ఆపేయవలసి వచ్చింది. పెద్దవాడి గొలుసులో చిన్నవాడి కంప్యూటరే బలహీనమైన చోటు అవుతుంది, దాడి చేసేవారికి ఆ సంగతి తెలుసు.

మీ స్థాయిలో చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కంపెనీకి కలిపిన కంప్యూటరులో సినిమాలు, ఎవరి పెన్‌డ్రైవులైనా పెట్టనివ్వవద్దు. సాఫ్ట్‌వేర్ బాగుచేసేవాడు దూరం నుంచి కంప్యూటరులోకి రావడానికి వాడే ఎనీడెస్క్ లాంటి ప్రోగ్రామును పని కాగానే మూయించండి. చాలా మిల్లులలో అది ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది, పాస్‌వర్డు గోడ మీద రాసి ఉంటుంది. గుమాస్తా పేరుతో ఒక లాగిన్, మీ పేరుతో ఒక లాగిన్ విడివిడిగా తీసుకోండి. రోజూ సాయంత్రం లెక్కల ప్రతిని ఒక హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, డిస్కును కంప్యూటరు నుంచి తీసి బీరువాలో పెట్టించండి. డెలివరీ చలానా పుస్తకం అచ్చు వేయించడం మానవద్దు. సర్వరు పడిపోయిన రోజున కాటా తూకం, లారీ నెంబరు, బస్తాల లెక్క చేత్తో రాసి సరుకు పంపవచ్చా, మర్నాడు ఎక్కిస్తే ఒప్పుకుంటారా అన్నది ఆ కంపెనీ నుంచి ఇప్పుడే రాతపూర్వకంగా తెప్పించుకోండి. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ–వే బిల్లు ఎలాగూ వేరే పోర్టల్‌లో తీయాలి కనుక, దాని పాస్‌వర్డు ఆ ఒక్క కంప్యూటరులోనే కాకుండా మీ దగ్గర కూడా ఉండాలి.